కంప్లయన్స్ పెదనాన్నా, నా పెళ్ళిచూపులూ

ఆ రోజుల్లో మా కోనసీమలో ఇంగ్లీషు వచ్చినవాడికి ఉన్న విలువ కాపుమీదున్న కొబ్బరితోటకి కూడా లేదు. వచ్చినవాడు మాట్లాడేది ఒప్పో తప్పో తేల్చగలవాళ్ళు ఊళ్ళో ఎవరూ ఉండరు కాబట్టి, ఆ విలువ ఎన్నటికీ తగ్గేదీ కాదు. పొలం లేకపోయినా, పుట్ర లేకపోయినా, నాలుగు ఇంగ్లీషు ముక్కలుంటే చాలు, పీట వేసి కూర్చోబెట్టేవాళ్ళు. మా ఇంట్లో ఆ పీట మా పెదనాన్నగారిది. కాకినాడలో ఏదో ఆఫీసులో హెడ్‌గుమస్తాగా చేసి, రిటైరై కొత్తపేట దగ్గర మా ఊరు వచ్చి పడ్డారు. వస్తూ వస్తూ ఒక మడతకుర్చీ, ఒక చేతికర్ర, ఒక ఇంగ్లీషు మాట తెచ్చుకున్నారు. ఆ మాట 'కంప్లయన్స్'.

కంప్లయన్స్ అంటే చెప్పినదాన్ని చెప్పినట్టు, రూల్సు తప్పకుండా పాటించడం. ఈ అర్థం మా ఇంట్లో పాలేరుకీ తెలుసు. తెలియక చస్తాడా! పులుసులో ఉప్పు తక్కువైతే కంప్లయన్స్ లేదు. గేదె వేళకి పాలివ్వకపోతే కంప్లయన్స్ లేదు. ఒకసారి పౌర్ణమినాడు మబ్బుపట్టి చంద్రుడు కనిపించకపోతే, పంచాంగానికి కంప్లయన్స్ లేదని ఆకాశాన్ని కూడా కోప్పడ్డారు. సాయంత్రాలు అరుగుమీద కూర్చుని, తాను ఒకప్పుడు రాసిన ఆఫీసు వాక్యాలని మంత్రపుష్పంలా పైకి చదువుకునేవారు. ఎనిమిదో తరగతితో నా చదువు మానిపించేశారు కాబట్టి, నేను పక్కగదిలో బియ్యం ఏరుతూ అవన్నీ వినేదాన్ని. ఏళ్ళ తరబడి వింటే గోడకైనా వస్తాయి. నాకూ వచ్చేశాయి.

నాకు సంబంధాలు చూడడం మొదలెట్టాక అసలు పీడ పట్టుకుంది. వచ్చిన పెళ్ళికొడుకు కంప్లయన్స్ అనే మాటని సొంత వాక్యంలో పెట్టి చెప్పాలని పెదనాన్నగారి నిబంధన. మా నాన్నగారు అన్నగారి మాటకి ఎదురుచెప్పి ఎరుగరు. (ఎదురుచెప్పడం ఎలాగో నేర్పితే నేర్చుకునేవారేమో, నేర్పేవాళ్ళు లేరు.) ఒక పెళ్ళికొడుకు బి.ఏ. చదివాడట, వాక్యం అడగగానే మంచినీళ్ళడిగాడు. ఇంకొకాయన, తాను పెళ్ళిచూపులకి వచ్చాడో పరీక్షకి వచ్చాడో ముందు తేల్చమన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. న్యాయంతో మా పెదనాన్నగారికి పనేమిటి? ఇద్దరూ ఫెయిలయ్యారు. నన్ను ఎవరు ఏలుకుంటారో అని మా అమ్మ దేవుడి గూటి ముందు కూర్చుని కళ్ళు ఒత్తుకునేది.

అప్పుడొచ్చింది మలికిపురం సంబంధం. కొబ్బరి వ్యాపారం, కాస్త పొలం. ఆ అబ్బాయిని నేను ముందే చూశాను. రాజోలులో మా పిన్ని కూతురి పెళ్ళిలో వడ్డనకి నిలబడి, ముసలివాళ్ళ విస్తళ్ళ దగ్గర వంగి, "ఇంకాస్త పెరుగు వెయ్యమంటారా అండీ" అని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. మా మేనత్త చెవిటిది. ఆవిడని ఎంతో ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ అడిగాడు, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అప్పుడే అనుకున్నాను, చేసుకుంటే ఇలాంటివాణ్ణి చేసుకోవాలని. అనుకోవడానికి ఆడపిల్లకి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. పైకి అన్నానా, వీపు చిట్లిపోయేది.

ఆ అబ్బాయికి ఇంగ్లీషు అంతంతమాత్రం అని కబురు. అందుకని మా అన్నయ్యని బతిమాలుకున్నాను. వాడు కాలవరేవుకి ఎదురెళ్ళి, పడవ దిగిన అబ్బాయిని బండెక్కించి, ఇల్లు చేరేలోపల ఒక వాక్యం నూరిపోశాడు. "ఇన్ ఫుల్ కంప్లయన్స్ విత్ ది రూల్స్, ది వర్క్ వాజ్ డన్." అంటే, రూల్సు పూర్తిగా పాటించి పని ముగించడమైనది అని. పెదనాన్నగారి సొంత వాక్యమే అది. ఆయన సరుకు ఆయనకే అమ్మబోతున్నామన్నమాట.

సావిట్లో అందరూ కూర్చున్నారు. నన్ను చూపించడం అయిపోయింది, లోపలికి పంపేశారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు పెట్టారు. పూతరేకు నోట్లో పెట్టుకున్నవాణ్ణి పలకరించకూడదని మా వైపు చిన్నపిల్లలకీ తెలుసు. పెదనాన్నగారు సరిగ్గా అప్పుడే అడిగారు. పాపం ఆ అబ్బాయి పంచదార పొడి మీసాల మీద రాలుతుండగా వాక్యం అప్పజెప్పాడు. తప్పు పోలేదు. పెదనాన్నగారి మొహం వెలిగింది.

"భేష్. ఇంకోటి చెప్పండి," అన్నారు పెదనాన్నగారు.

ఇంకోటి ఎక్కణ్ణుంచి వస్తుంది? బండి ప్రయాణానికి ఒక్కటే పట్టింది. ఆ అబ్బాయి కాస్త ఆలోచించి, అదే వాక్యాన్ని నెమ్మదిగా, ఇంకా మర్యాదగా మళ్ళీ చెప్పాడు. పెదనాన్నగారు మార్చి చెప్పమన్నారు. మా అన్నయ్య దూలాలు లెక్కపెడుతున్నాడు. ఈ సంబంధం కూడా పోయేటట్టుంది. ఒక్క వాక్యం అందిస్తే గట్టెక్కుతాడనిపించింది. ఏది అందించాలో ఏరుకునే తీరిక లేదు. నోటికి ఏది ముందొస్తే అది, తలుపు వెనకనుంచి గట్టిగా అనేశాను.

"నాన్‌కంప్లయన్స్ విల్ బీ వ్యూడ్ సీరియస్‌లీ."

పెళ్ళిచూపుల్లో పిల్ల గొంతు వినపడడమే తప్పు. ఇంగ్లీషులో వినపడితే ఏమనాలో ఎవరికీ తెలియలేదు. పెళ్ళికొడుకు తల్లి, పెద్దావిడ, ఎంతో మర్యాదగా అడిగింది: "అమ్మాయి ఏమంటోందండీ?"

అప్పుడైనా ఊరుకోవచ్చు కదా ఆ మహానుభావుడు! తమ్ముడి కూతురికి ఇంగ్లీషు వచ్చిందన్న సంబరంలో ఒళ్ళు మరిచి, అర్థం విడమరిచి చెప్పారు. "చెప్పినమాట వినకపోతే ఊరుకునేది లేదంటోందండి."

"ఆయ్," అంది ఆవిడ. "అర్థమైందండి."

ఆ గదిలో నవ్వింది ఒక్క పెళ్ళికొడుకే. వెక్కిరింత నవ్వు కాదు, కడుపారా నవ్వాడు. పూతరేకు పొడి గొంతుకి అడ్డంపడి దగ్గాడు, దగ్గుతూ కూడా నవ్వాడు. తల్లి కళ్ళెర్రజేసేసరికి తల వంచుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఆవిడ మా అమ్మ చేతులు పట్టుకుని, కోపం అన్నది లేకుండా చెప్పింది: "పిల్ల బంగారంలా ఉందండీ వదినగారూ. కానీ మావాడికి కావలసింది పెళ్ళామండి, హెడ్‌గుమస్తా కాదండి."

మా అమ్మ ఏడ్చింది. నాన్నగారు పొలం చూసొస్తానని వెళ్ళిపోయారు. పెదనాన్నగారు మాత్రం అబ్బాయి ఒక్క వాక్యంతోనే ఆగిపోయాడు కాబట్టి ఫెయిలని తీర్పిచ్చి, భోజనానికి కూర్చుని రెండోసారి నెయ్యి వేయించుకున్నారు. ఆ మరుసటేడు ఆయన పరీక్షలో ఫస్టున ప్యాసైన ఒక ఆఫీసు ఉద్యోగికిచ్చి నన్ను పెళ్ళిచేశారు. మా వారి దగ్గర వాక్యాలకి ఏనాడూ కరువు లేదు. నాకు జ్వరం వచ్చి పడుకుంటే ఆ వాక్యాలే వినిపించేవారు, కషాయం మాత్రం పక్కింటావిడ పెట్టిచ్చేది. చెడ్డవారని చెప్పను. ప్యాసైన మనిషి, అంతే.

ఇప్పుడు తలుచుకుంటే పెదనాన్నగారి మీద కోపం చాలావరకు పోయింది, కొంచెం ఉంచుకున్నాను. తలుపు వెనక నిలబడ్డ ఆ పిల్లని తలుచుకుంటేనే నవ్వొస్తుంది. ఇంగ్లీషులో అంత పెద్ద బెదిరింపు తడుముకోకుండా బెదిరించేసింది. 'నాకు ఈ అబ్బాయి నచ్చాడు' అని చెప్పాలంటే తెలుగులో నాలుగు మాటలు చాలు. అవి అనడానికి మాత్రం దానికి నోరు రాలేదు.