బొట్టు పెట్టిన ఇనుము సీసా

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదని గట్టి నమ్మకం. బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చి నాలుగు నెలలు, ఆటోనగర్ చివర లారీ షెడ్ల మధ్య ఉన్న ఒక టిష్యూ కల్చర్ ల్యాబులో ఉద్యోగం వచ్చి రెండు నెలలు. అరటి పిలకలోంచి గోరంత ముక్క కోసి, సీసాలో జెల్లీ మీద పెట్టి, ఒక్కదాన్ని వందలు చేయడం అక్కడి పని. ఆ జెల్లీ వంట నాది. పంచదార, లవణాలు కొలిచి కలపాలి. మట్టి ముఖం చూడని ఆ మొక్కకు తిండైనా ఎరువైనా అదే. (ఇంట్లో నాకు కాఫీ కలపడం రాదని అమ్మ అంటుండేది. ఇంటర్వ్యూలో ఆ సంగతి ఎవరూ అడగలేదు.) "మూడు నెలలు మీ పని చూసి పర్మినెంట్ సంగతి చెప్తానండీ" అన్నారు ల్యాబు నడిపే మేడం. ఈలోగా ఉయ్యూరు దగ్గర చెరుకు వేసే మా మేనమామ, ఈసారి రెండెకరాల్లో మా అమ్మాయి పెంచిన అరటే వేస్తానని ఊరంతా చాటాడు.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ఆటోనగర్‌లో స్పానరు నుంచి క్రేను దాకా బొట్టు లేని వస్తువుండదు. మా ఆయుధాలు సీసాలే కాబట్టి అన్నిటినీ కడిగి బొట్లు పెట్టాను. ఇనుము ద్రావణం సీసాకు మాత్రం నల్ల కాగితం చుట్టి ఉంది. పండగ పూట అమ్మవారి ముందు ఈ నలుపేమిటని దాన్ని చింపేసి, సీసాను తుడిచి, పటం ఉన్న కిటికీలో పెట్టాను. పూజలో పెట్టినదాన్ని వెంటనే కదపకూడదని పది రోజులు ఎండలోనే ఉంచాను. వెలుతురు తగిలితే ఆ ద్రావణం చెడి, ఇనుము అడుగుకు దిగిపోతుంది. నేను దాన్ని మడ్డి అనుకుని, పైతేట మాత్రం ఎంతో జాగ్రత్తగా వంపి వాడాను.

నెల తిరిగేసరికి కొత్త ఆకులు ఈనెలు తప్ప తెల్లగా పాలిపోయాయి. మేడం సెలవు నుంచి వచ్చే రోజది. లైట్లు మార్చాను, ఏసీ తగ్గించాను, దేవుడికి దణ్ణం పెట్టాను. సరిగ్గా అప్పుడే మామయ్య తన మొక్కల్ని చూసుకోవడానికి దిగాడు. సీసా ఎత్తి చూసి, "ఏంటే అమ్మాయ్, వీటికి రక్తం లేదు? ఏం పెడతన్నావ్?" అన్నాడు.

"అన్నీ పెడుతున్నా మామయ్యా. పంచదార కూడా."

"పంచదారేం చేసుద్దే? ఇనుము అందలా. మా చెరుకు ఇట్టాగే తెల్లబడితే అన్నభేది కొడతాం. వారంలో పచ్చబడుద్ది."

అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు. నా సీసాలో ఉండాల్సిందీ అదే. ఇనుము లేనిదే ఆకులో పచ్చదనం తయారు కాదనీ, పచ్చదనం లేని మొక్క ఎంత వెలుతురున్నా తన తిండి తాను వండుకోలేదనీ పరీక్షలో నాలుగు పేజీలు రాసి వచ్చినదాన్ని. తల తిప్పితే బల్ల మీద సీసా, దానికి నేను పెట్టిన బొట్టు.

మేడం లోపలికి వచ్చి, "ఏమైందండీ వీటికి?" అన్నారు. మామయ్యే అందుకున్నాడు. "ఇనుము తగ్గిందంటండీ. మా అమ్మాయి ఇప్పుడే కనిపెట్టింది. మాకేం తెలుసుద్దండీ, పల్లెటూరోళ్లం." నాకు సిగ్గేసింది. సీసా సంగతి ఏడుస్తూ నేనే చెప్పాను గానీ, కనిపెట్టింది ఎవరో మాత్రం చెప్పలేదు. మేడం ఆ బొట్టును కాసేపు చూసి, "చెడగొట్టినా జబ్బు పట్టుకోగలిగారు కదా. ఉద్యోగంలో ఉండండి" అన్నారు. కొత్త జెల్లీలోకి మార్చాక ఆకులు పచ్చగా వచ్చాయి. మామయ్య తోట నెల ఆలస్యమైంది. ఊళ్లో అడిగినవాళ్లకు వానల మీదికి నెట్టేశాడు.

ఇప్పుడు మేడం కుర్చీలో నేనున్నాను. దసరాకు బొట్టు నల్ల కాగితం మీదే పెట్టిస్తాను. పాలిపోయిన మొక్క తెస్తే చూడగానే "ఇనుము" అంటాను. "ఎలా పట్టేస్తారు మేడం?" అని కొత్త పిల్లలు ఆశ్చర్యపోతారు. అనుభవమమ్మా అంటాను. (ఎవరి అనుభవమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.) మొన్న మామయ్యను కలిసినప్పుడు, ఆ రోజు నువ్వు చెప్పకపోతే నా ఉద్యోగం పోయేదని ఇన్నాళ్లకు పైకి అన్నాను. "నేనెప్పుడు చెప్పానే? నువ్వే కదా కనిపెట్టింది" అన్నాడు. ఎంత నమ్మకంగా అన్నాడంటే, ఇంటికి వచ్చేదాకా నేనూ నమ్మేశాను.