మరుపు గురించి రెండు నిమిషాలు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే ఒప్పుకునేదాన్ని కాదు. చదివితే అర్థమయ్యేది, మెయిలు రాయమంటే రాసేదాన్ని, ఆఫీసులో ఎవరైనా ఇంగ్లీషులో జోకు వేస్తే అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగానైనా నవ్వేదాన్ని. నోరు తెరిచి మాట్లాడమన్నప్పుడు మాత్రమే ఆ భాష నన్ను వదిలేసి ఎటో వెళ్ళిపోయేది. భీమవరంలో చదువుకున్నన్నాళ్ళూ ఈ లోటు పెద్దగా తెలియలేదు. అక్కడ మా ఇంగ్లీషు మాస్టారు కూడా పాఠమంతా తెలుగులోనే చెప్పేవారు మరి. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో ఉద్యోగం దొరికాక కూడా, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని కాబట్టి, కంప్యూటరుతో తప్ప మనుషులతో మాట్లాడే అవసరం రాలేదు. ఇలాగే రిటైరైపోవచ్చని నేను హాయిగా ఉన్న సమయంలో మా ప్రాజెక్టు మూతపడింది.

కొత్త ప్రాజెక్టులో విదేశీ క్లయింటుతో రోజూ ఫోనులో మాట్లాడాలట. అందుకని బయటి సంస్థ ఒకటి పెట్టే ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష పాసైనవాళ్ళనే తీసుకుంటామని మా టీమ్ లీడ్ చెప్పాడు. పాసవనివాళ్ళు బెంచి మీద ఉంటారు. (బెంచి అంటే విశ్రాంతిగా కూర్చునేదని అనుకునేరు. పనేమీ ఇవ్వకుండా, ఇవాళ పొమ్మంటారా రేపు పొమ్మంటారా అని మనచేత మనమే లెక్కలు వేయించే ఏర్పాటు అది.) పక్క సీటులో కూర్చునే కరీంనగర్ అమ్మాయి అప్పటికే ఆ పరీక్ష గట్టెక్కింది. తనే నాకు గురువు. ఒక అంశం ఇచ్చి రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడమంటారని, ఈ మధ్య ఎక్కువగా జ్ఞాపకశక్తి, మతిమరుపుల మీదే అడుగుతున్నారని చెప్పింది. "గా మెమొరీ టాపిక్ పక్కా వస్తది. ఇగ ఏం ఫికర్ చెయ్యకు, జర మంచిగ బట్టీ కొట్టు" అంది.

మతిమరుపు గురించి మాట్లాడటానికి నాకంటే అర్హులు ఈ నగరంలో ఉండరు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేదాన్ని, లంచ్ బాక్సు లిఫ్టులో పెట్టి మరిచిపోయేదాన్ని, ఒకసారి రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు వేసుకుని ఆఫీసుకు వెళ్ళి సాయంత్రం దాకా గమనించలేదు. అన్ని స్వానుభవాలుండి కూడా, నా సొంత మరుపు ఇంగ్లీషుకు పనికిరాదనిపించి, ఇంటర్నెట్టులో ఒక తయారు సమాధానం పట్టుకున్నాను. అందులో ఎవరో ఒకరు ఇంగ్లీషు పేరున్న తన ప్రాణస్నేహితురాలి పుట్టినరోజు మరిచిపోతారు, దారిలో గుర్తొచ్చి వెనక్కి తిరిగి చూస్తారు, ఏడుస్తారు, కేకు కొంటారు. నాకు ఇంగ్లీషు పేరున్న స్నేహితురాలు ఎవరూ లేరు. అయినా ఆవిడ కోసం వారం రోజులు వంటింట్లో కూర వేయిస్తూ పశ్చాత్తాపపడ్డాను.

ఆ వారమంతా మా అత్తగారు కొండాపూర్‌లో మా దగ్గరే ఉన్నారు. నాకు పెళ్ళై అప్పటికి ఏడాది తిరగలేదు. ఆవిడ ప్రొద్దుటూరు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఏ ఊరి పిన్‌కోడ్ అడిగినా చెప్పేవారు, బంధువులందరి ఫోను నంబర్లూ నోటికే ఉండేవి. అటువంటావిడ కోడలిగా నేను వచ్చాను. ఆవిడ చిక్కుళ్ళు ఒలుచుకుంటూ నా ఇంగ్లీషు వినీ వినీ, నాకంటే ముందే సమాధానమంతా కంఠతా పట్టేశారు. 'లుక్డ్ బ్యాక్' అనాల్సిన చోట నేను ప్రతిసారీ 'లుక్ బ్యాక్' అనేదాన్ని. ఆవిడ తల ఎత్తకుండానే "లుక్డు" అనేవారు. నేను "లుక్డ్" అని ముందుకు కదిలేదాన్ని. వారం గడిచేసరికి ఆవిడ ఆ మాట అందించడం, నేను అందుకోవడం నా సమాధానంలో ఒక భాగమైపోయింది.

పరీక్ష రోజున ఆవిడ మణికొండలో ఉన్న చెల్లెలింటికి వెళ్తానన్నారు. నా పరీక్ష మాదాపూర్‌లో. మా ఆయన అప్పటికే ఆఫీసుకు వెళ్ళిపోయారు. ఆటోలో పంపేయచ్చు గానీ, మంచి కోడలు అనిపించుకోవాలన్న ఉత్సాహంలో "నాకు దారేనండి అత్తయ్యగారూ, దింపేసి వెళ్తాను" అనేశాను. (మ్యాపు చూసినవాళ్ళెవరూ దాన్ని దారి అనరు.) ఆవిడ స్కూటీ వెనక కూర్చున్నారు, నేను హెల్మెట్ లోపల పుట్టినరోజు పాఠం మొదలుపెట్టాను. ఖాజాగూడ దగ్గరికి వచ్చేసరికి ముల్లు ఎర్రగీత మీద పడుకుని ఉంది. పెట్రోలు పోయించడం నేను కొన్నాళ్ళుగా మరిచిపోతూ వస్తున్నాను. బంకులోకి తిప్పాను.

మా స్కూటీకి సీటు ఎత్తితే గానీ పెట్రోలు పోయడం కుదరదు. అందుకని అత్తగారు దిగారు. చేతిసంచీ బరువుగా ఉందని, ఫోనుతో సహా దాన్ని సీటు కింద డిక్కీలో పెట్టి, ఎండగా ఉందని పక్కనున్న నీడలోకి వెళ్ళి నిలబడ్డారు. నేను పెట్రోలు పోయించుకున్నాను, ఫోనుతో స్కాన్ చేశాను, డబ్బులు వెళ్ళినట్టు బంకులోని స్పీకరు పెట్టె అరిచింది, సీటు దించాను, కేకు కొనే వాక్యం నోట్లో ఉండగానే బండి ఎక్కాను. వెళ్ళిపోయాను. మణికొండ వైపు తిరగాల్సిన బండి మాదాపూర్ వైపు తిరిగింది. దారిలో సమాధానం మొత్తం ఒక్కసారి కూడా ఎవరూ సరిదిద్దకుండా చెప్పగలిగాను. వారం రోజుల్లో అలా జరగడం అదే మొదటిసారి. ఇంగ్లీషు వచ్చేసిందని నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

పరీక్ష జరిగే ఆఫీసులో ఫోను కట్టేయించి లాకరులో పెట్టించారు. చిన్న గది, బల్ల మీద రికార్డరు, ఎదురుగా కళ్ళజోడు పెట్టుకున్న ఒక మేడం. ఆవిడ ఇంగ్లీషు విని విదేశంలో పెరిగిన మనిషనుకున్నాను. అంశం ఉన్న కార్డు నా ముందు పెట్టారు. ముఖ్యమైనదేదైనా మీరు మరిచిపోయిన సందర్భం గురించి చెప్పండి. కరీంనగర్ అమ్మాయికి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇస్తామంటే, అక్కర్లేదు మేడం అని మొదలుపెట్టేశాను కూడా. స్నేహితురాలు, పుట్టినరోజు, దారి, అన్నీ వరసగా దొర్లుకుంటూ వస్తున్నాయి. "సడన్లీ, ఐ లుక్ బ్యాక్..." అన్నాను.

అని, ఆగాను. అలవాటు ప్రకారం వెనకనుంచి రావాల్సిన మాట కోసం ఆగాను. రాలేదు. 'లుక్డు' ఏది? అత్తగారు ఏరి? ఇంట్లో లేరు, మణికొండలోనూ లేరు. సీటు ఎత్తినప్పుడు దిగారు. ఆ తర్వాత ఎక్కినట్టు నాకు ఎంత వెతికినా గుర్తు రాలేదు. ఆవిడ ఫోను, డబ్బులు, అన్నీ నా బండి డిక్కీలో ఉన్నాయి. మా ఆయన మొహం, మణికొండ చిన్నత్తగారి మొహం, ప్రొద్దుటూరులో ఈ వార్త వినబోయే వీధి మొత్తం కళ్ళ ముందుకు వచ్చాయి.

నేను లేచి నిలబడి ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టాను. ఏ కాలంలో మాట్లాడానో, కర్త ఎక్కడో క్రియ ఎక్కడో నాకు తెలియదు. మా అత్తగారిని పెట్రోలు బంకులో మరిచిపోయాను, ఆవిడ దగ్గర ఫోను లేదు, ఎండగా ఉంది, ఆవిడకు బీపీ ఉంది, నేను చాలా చెడ్డ కోడలిని అని ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. మేడం ఇదంతా నా సమాధానంలో భాగమే అనుకున్నారు. పుట్టినరోజు నుంచి పెట్రోలు బంకుకి కథ ఎలా మళ్ళిందా అని ఒక్కసారి కళ్ళజోడు సర్దుకుని, చేతులు ముడుచుకుని ఆసక్తిగా విన్నారు. రెండు నిమిషాలూ అయ్యాక, పద్ధతి ప్రకారం అడగాల్సిన ప్రశ్న అడిగారు. అప్పుడు మీ అత్తగారికి ఎలా అనిపించింది?

"ఐ డోంట్ నో మేడం. షి ఈజ్ స్టిల్ దేర్" అన్నాను.

మేడం నా మొహంలోకి చూశారు. రికార్డరు ఆపేశారు. విదేశంలో పెరిగారనుకున్న ఆ మనిషి నోట అచ్చమైన గోదావరి జిల్లా మాట వచ్చింది. "ఇక్కడ నిలబడి చెబుతావేంటమ్మా, ముందెళ్ళి ఆవిణ్ణి తెచ్చుకో. మిగిలింది మధ్యాహ్నం చూద్దాంలే" అన్నారు.

ఖాజాగూడ దాకా ఎలా వెళ్ళానో నాకు తెలియదు. దారి పొడుగునా ఒక్క ఇంగ్లీషు ముక్క గుర్తు రాలేదు, తెలిసిన దేవుళ్ళ పేర్లు మాత్రం అన్నీ గుర్తొచ్చాయి. బంకులో అత్తగారు గాలి కొట్టే మిషన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. నన్ను ముందుగా చూసింది పెట్రోలు పోసిన అక్క. "ఏందమ్మా, గిట్ల ఇడిసిపెట్టి పోతరా? దిగినోళ్ళు ఎక్కిండ్రో లేదో జర సూస్కోవద్దా?" అంది. నేను అత్తగారి ముందు నిలబడి, తెలుగులో కూడా మాట రాక ఏడవడం మొదలుపెట్టాను.

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, "పరీచ్చ అయిపోయెనా?" అని అడిగారు.

సగమే అయిందన్నాను. అప్పుడు నెమ్మదిగా తెలిసింది. నేను తిరిగొస్తానేమో అని కొంతసేపు చూశాక ఆ అక్క తన ఫోను ఇచ్చిందట. అత్తగారు నా నంబరుకు చేశారట, స్విచ్ఛాఫ్ అని వచ్చిందట. అయితే లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది అనుకుని ఫోను తిరిగి ఇచ్చేశారట. మరి మా ఆయన నంబరూ నోటికే వచ్చు కదా, ఆయనకెందుకు చెయ్యలేదని వెక్కుతూ అడిగాను.

"వానికి చేస్తే వాడు గమ్మునుంటాడా? మీ ఆపీసోళ్ళందరికీ చేసి నిన్ను లేపుకొస్తాడు. ఇంగ నీ పరీచ్చ ఏం గావల్ల? నేనేం చిన్నబిడ్డనా తప్పిపోయేకి? నీడన కూచోనుండా" అన్నారు. తర్వాత నా కళ్ళు తన కొంగుతో తుడిచి, "ఆ లుక్డు కాడ సరింగా చెప్పినావా?" అన్నారు. చెప్పలేదన్నాను. ఆవిడకు నిజంగా బాధ కలిగింది అప్పుడే అనుకుంటాను.

చెల్లెలింటికి సాయంత్రం వెళ్ళచ్చులే అని ఆవిడ నాతోపాటే మాదాపూర్ వచ్చారు. ఈసారి సిగ్నల్ పడిన ప్రతిచోటా నేను చెయ్యి వెనక్కి పెట్టి ఆవిడ మోకాలు తడిమి చూసుకున్నాను. మధ్యాహ్నం మిగతా ప్రశ్నలు పూర్తిచేసి, లాకరులోంచి ఫోను తెచ్చుకుని బయటికి వచ్చేసరికి రిసెప్షన్ సోఫాలో అత్తగారూ, కళ్ళజోడు మేడమూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. మేడంగారి ఊరి పిన్‌కోడ్ అత్తగారు అప్పటికే చెప్పేసినట్టున్నారు, మేడం ఆశ్చర్యపోతూ ఉన్నారు. ఆ సాయంత్రం మా ఆయన పరీక్ష ఎలా జరిగిందని ఫోను చేస్తే, అత్తగారే ఫోను తీసుకుని "బాగా రాసింది" అని చెప్పి పెట్టేశారు. అంతకు మించి ఆయనకు చాలాకాలం ఏమీ తెలియలేదు.

ఫలితం వచ్చింది. పాసయ్యాను. మా రికార్డింగులు విని మార్కులు వేసేది ఇంకెక్కడో కూర్చున్న మరొకరట. వాళ్ళు రాసిన అభిప్రాయం కూడా పంపారు. అభ్యర్థి వ్యాకరణం బలహీనం, కానీ మధ్యనుంచి ధారాళంగా, భావయుక్తంగా మాట్లాడింది, అయితే ఎంచుకున్న కథ అంత నమ్మశక్యంగా లేదు అని. కరీంనగర్ అమ్మాయి అది చదివి, కుర్చీలోంచి పడిపోతుందేమో అన్నంతగా నవ్వింది.

ఆ కొత్త ప్రాజెక్టు, దాని తర్వాతిది, దాని తర్వాతిది కూడా గడిచిపోయాయి. ఇప్పుడు రోజుకు నాలుగైదు మీటింగులు, అన్నీ ఇంగ్లీషులోనే. అప్పుడప్పుడు ఆ గదిలో నిలబడి వణుకుతున్న పిల్ల గుర్తొస్తుంది. దానికి ఒక్క వాక్యం సరిగ్గా రాదు, కానీ చెప్పితీరాల్సిన సంగతి ఒకటుంది, వినేదాకా ఊరుకునేలా లేదు. ఇప్పుడు నాకు కాలాలన్నీ వచ్చు, కర్తలూ క్రియలూ బుద్ధిగా వాటి వాటి చోట్లలో కూర్చుంటాయి. గంటసేపు ఎక్కడా తడబడకుండా మాట్లాడి, మ్యూట్ నొక్కి, మంచినీళ్ళు తాగి కూర్చున్నాక, ఇంతసేపూ ఏం చెప్పానో నాకే గుర్తుండదు.