జిగురు నిలవని కవర్లు

బర్మాలో సైనిక పాలన మీద ఎనభై ఎనిమిది ఉద్యమం జరిగిన మరుసటి ఏడాది నన్ను రంగూన్ శివార్లలోని ఇన్సేన్‌లో, పశువైద్య కళాశాలకు రికార్డుల సూపరింటెండెంటుగా వేశారు. వేశారన్న మాటే గాని కళాశాల నడవడం లేదు. ఉద్యమంలో విద్యార్థులు ముందున్నారని ప్రభుత్వం కాలేజీలకు తాళాలు వేయించింది. పాఠాలు చెప్పేవాళ్ళకు పని లేదు, కాగితాలు రాసే నాకు మాత్రం ఉంది. మా తాత శ్రీకాకుళం నుంచి ఓడరేవు కూలీగా వచ్చాడు. మూడో తరంలో నాకు ఆఫీసు కుర్చీ దొరికింది. ఆ కుర్చీ మీద నాకు గౌరవం కాస్త ఎక్కువే.

మూడో సంవత్సరం పూర్తిచేసి ఆగిపోయిన నూకరత్నం అనే విద్యార్థిని ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చింది. వాళ్ళమ్మ సూరమ్మ రంగూన్ నడిబొడ్డున పబేడాన్‌లో పప్పులూ చింతపండూ అమ్మే కొట్టు నడిపేది. కరీబియన్ సముద్రంలో ఒక చిన్న ద్వీపం మీద వైద్యమూ పశువైద్యమూ నేర్పే అంతర్జాతీయ విశ్వవిద్యాలయం ఉంది. చదువు మధ్యలో తెగిన విదేశీ విద్యార్థులను మిగిలిన సంవత్సరాలకు చేర్చుకోవడం దాని పద్ధతి. ఈ అమ్మాయికి ఫీజు లేకుండా సీటు ఇస్తామంది. షరతు ఒక్కటే. మే టర్ముకు ముందు మార్కుల పట్టిక మా ఆఫీసు నుంచి సీలు చేసిన కవరులో నేరుగా అందాలి. అందకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

సీలు అంటే పట్టిక మీద ప్రిన్సిపాల్ సంతకం, కవరు అంటించాక అతుకు మీద అడ్డంగా నా సంతకం, దాని పైన లక్క ముద్ర. దారిలో ఎవరి చెయ్యీ తగలలేదనడానికి అది రుజువు. జూలైలో శ్రద్ధగా చేసి పంపాను. రెండు నెలలకు జవాబొచ్చింది. సీలు చిరిగి ఉంది, చెల్లదు, మళ్ళీ పంపండి అని. రెట్టింపు లక్క పోసి పంపాను. నవంబరులో అదే జవాబు.

కారణం అందరికీ తెలుసు. విదేశాలకు వెళ్ళే ఉత్తరాలను ప్రభుత్వ నిఘావాళ్ళు దారిలో విప్పి చదివేవారు. తల్లీకూతుళ్ళు కలిసి వచ్చారు.

"ఉన్న సంగతి రాసేయండి సయా, కవర్లు విప్పుతున్నారని," అంది నూకరత్నం. సయా అంటే బర్మాలో గురువుగారు, ఆఫీసువాళ్ళను కూడా అలాగే పిలుస్తారు.

ఆ ఉత్తరాన్ని కూడా విప్పుతారు కదా అన్నాను. ఇన్సేన్‌లో మా కాలేజీయే కాదు, పెద్ద జైలూ ఉంది. మా గేటు నుంచి ఆ గేటుకు నడిచి వెళ్ళొచ్చు. నాకు భయం వేసింది, దాచుకోవడం దేనికి. నిబంధన నిబంధనే, నేను చేయగలిగింది చేశానని కటువుగానే చెప్పాను.

సూరమ్మ కుర్చీలోంచి లేవలేదు. "ఏటి బాబూ, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టు? మా కొట్లో పొట్లాలు సూడండి. వానాకాలం జిగురు నిలుస్తాదేటి? అదే రాయండి. అబద్దం కాదు గదా."

అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. రెండు రోజులు ఆలోచించి ఉత్తరం రాసి ప్రిన్సిపాల్ ఊ సో ముందు పెట్టాను. మా దేశపు వానలకు కవర్ల జిగురు నిలవడం లేదు, లక్క కూడా ఆగడం లేదు, ఇకముందు నిలుస్తుందని హామీ ఇవ్వలేము, తగిన మార్గం చెప్పగోరుతున్నాము. ఇంతే. ఆయన నవ్వకుండా సంతకం చేశారు. లక్క వానకు కరగదని ఎవరికైనా తెలుసు. ద్వీపంలో ఉత్తరం చదివేవాళ్ళు ఆ మాట దగ్గర ఆగుతారని, దారిలో విప్పేవాళ్ళు ఆగరని నా ఆశ.

జనవరిలో జవాబు వచ్చింది. ఈసారి అచ్చు ఫారం కాదు, అక్కడి రిజిస్ట్రారు స్వయంగా రాశారు. మాదీ సముద్రం మధ్య ఊరే, జిగురు సంగతి అర్థమైంది అని ఆమె మొదలుపెట్టారు. మీ దేశం కవర్లకు సీలు వద్దు, తెరిచే పంపండి అన్నారు. బదులుగా ఒకే పట్టికను ఇద్దరు అధికారులు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పోస్టాఫీసుల నుంచి పంపాలి. రెండూ సరిపోలితే చెల్లుతుంది. విద్యార్థిని తాను చూసిన కష్టమైన పశువు కాన్పు ఒకదాని గురించి తన చేత్తో రాసి పంపాలి, దాన్ని తమ ప్రొఫెసరు చదువుతారు.

ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. సీలు చేయాల్సిన పనంతా సీలు లేకుండా చేసి చూపించారు. అంత దూరాన కూర్చుని మేము చెప్పలేని మాట కూడా విన్నారు. ఆ పనితనం తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.

నేను ఇన్సేన్ నుంచి, ఊ సో పబేడాన్ నుంచి పట్టికలు పంపాం. నూకరత్నం తన్లిన్‌లో ఒక గేదె ఈత గురించి రాసింది. కాలేజీ మూసినప్పటి నుంచీ ఆమె నది దాటి వెళ్ళి అక్కడి ముసలి పశువైద్యుడి వెంట తిరుగుతోందని నాకప్పుడే తెలిసింది. దూడ ముందుకాలు వెనక్కి మడుచుకుని ఉంటే ఎలా సరిచేశారో, ముందు తాను చేసిన పొరపాటేమిటో దాచకుండా రాసింది. మార్చిలో సీటు ఖాయమైంది. సూరమ్మ వీశెడు చింతపండు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ప్రసాదం తీసుకోండి పూజారి బాబూ," అంది.

నవ్వి ఊరుకునే మాటే, కాని గుచ్చుకుంది. ఆ మధ్యాహ్నం బీరువా తీసి నేను తిరస్కరించిన అర్జీల కట్ట విప్పాను. మౌల్మెయిన్ నుంచి ఒక విద్యార్థి, అల్లర్లలో ఇంటి కాగితాలు కాలిపోయాయని, గుర్తింపు కార్డు లేకుండానే మార్కుల పట్టిక ఇప్పించమని రాసుకున్నాడు. అతని పేరూ ఫొటో మార్కులూ అన్నీ నా రిజిస్టరులోనే ఉన్నాయి. అసలు కార్డు జతచేయలేదని ఎర్ర సిరాతో రాసి తిప్పికొట్టింది నేనే. అప్పటికప్పుడు పట్టిక తయారుచేసి పంపాను. ఆ చిరునామాలో ఎవరూ లేరని తిరిగొచ్చింది. అతని నుంచి మళ్ళీ అర్జీ రాలేదు.

రిటైరయ్యేదాకా నా కింది గుమాస్తాలకు ఒకటే చెప్పాను. ఫలానా కాగితం లేదని ఎవరినైనా తిప్పి పంపే ముందు, ఆ కాగితం దేన్ని రుజువు చేయడానికో నాకు చెప్పండి. చెప్పలేకపోతే ఆ మనిషిని కూర్చోబెట్టండి. రిజిస్టరు మనమే తీద్దాం.