అమ్మ పడుకుని చూసిన కారు

మా చిన్నప్పుడు పాత కారు చూడ్డానికి వెళ్తే నాన్న ముందు బానెట్ ఎత్తేవాడు కాదు... వెనక తలుపు తీసి, అమ్మని సీట్లో పడుకోమనేవాడు.

మాది పోతనాళ దగ్గర ఒక క్యాంపు, వలస రైతుల ఊరు. తాతలు గోదావరి వైపు నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకుని స్థిరపడ్డారు. అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి రాయచూరు వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు బస్సులో కూర్చునే వెళ్ళేది... వచ్చేటప్పుడు కూర్చోలేకపోయేది.

ఒకరోజు తిరిగొస్తూ మాన్విలో బస్సు మారాలి. బస్టాండులో బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి. అమ్మ గోడ పక్కన కొంగు పరుచుకుని నేల మీదే పడుకుంది. మంచినీళ్ళ మరచెంబు తల దగ్గర పెట్టుకుంది. నాన్న ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మా బస్సు వచ్చింది... ఆయన లేపలేదు. అది వెళ్ళిపోయింది.

మర్నాడు కారు సంగతి ఎత్తాడు.

కారనగానే నా కోరికలు నాకున్నాయి. ఎర్రగా ఉండాలి. పాటలు రావాలి. మీట నొక్కితే అద్దం దిగాలి. నాన్నకి కావలసినవి వేరు... దారిలో ఆగకూడదు. ఒకవేళ ఆగినా, బాగుచేసేవాడు మాన్విలోనే దొరకాలి. వెనక సీటు సమంగా ఉండాలి, అమ్మ కాళ్ళు చాపుకోవాలి.

అమ్మ మంచి పొడగరి. చిక్కంతా అక్కడే వచ్చింది.

రాయచూరులో పాత కార్లు అమ్మే చోటికి డయాలసిస్ అయ్యాకే వెళ్ళేవాళ్ళం. ఓపిక ఉన్నరోజు పడుకుని చూస్తే ఏం తెలుస్తుంది అనేవాడు నాన్న. ఆ కార్ల వ్యాపారి పాత రాయచూరు మనిషి. నాన్న వాలకం ఆయనకి వింతగా తోచింది.

"ఏంది సారూ... అందరు ఇంజను చూస్తరు, మీరు బండిల పండుకోవెడ్తున్నరు?"

"ఇంజను తర్వాత చూద్దాం లెండి. ఈవిడకి సరిపోద్దో లేదో ముందు చూడాలి."

ఆయన అమ్మ చేతికి, సూదులు గుచ్చినచోట వేసిన ప్లాస్టరు వైపు చూశాడు. లోపలికెళ్ళి తన కుర్చీలోని మెత్త తెచ్చి ఆమె తల కింద పెట్టాడు. "నిమ్మలంగ పండుకో అక్కా" అన్నాడు.

అక్కడే ఉంది ఎర్ర కారు. పాటలు కూడా వస్తున్నాయి. నేను ముందు సీట్లో కూర్చుని పాటల పెట్టె మీట తిప్పుతూనే ఉన్నాను. వెనక పడుకున్న అమ్మ నా వైపు చూసి, "బానే ఉందండీ, సరిపోద్ది" అంది. నాన్న తలుపు వేయబోయాడు. పడలేదు. అమ్మ పాదాలు బయటే ఉన్నాయి.

"ముడుచుకుంటాలే... ఎంతసేపు ప్రయాణం" అంది అమ్మ.

"ముడుచుకోడానికైతే బస్సుంది" అన్నాడు నాన్న.

చివరికి కొన్నది బూడిదరంగు కారు. పొడుగ్గా, చూడ్డానికి ఏమీ బావుండని కారు. పాటల పెట్టె ఉండాల్సిన చోట ఖాళీ బొక్క. అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. అందులో అమ్మ కాళ్ళు చాపుకుంది... తలుపు పడింది. నాన్న తాళం తిప్పి ఇంజను చప్పుడు విన్నది ఆ తర్వాతే.

నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. మొదటి ప్రయాణంలోనే అమ్మ ఒక ఆట మొదలుపెట్టింది. సీటు మీద బొంత పరిచి ఉండేది. పడుకుంటే కిటికీలోంచి పైభాగాలే కనబడతాయి కదా... కరెంటు తీగలు, చెట్ల కొమ్మలు, మేడల పిట్టగోడలు. వాటిని చూసి ఎక్కడున్నామో తను చెప్పాలి. నేను ముందు సీట్లోంచి బోర్డు చూసి అవునో కాదో చెప్పాలి.

"కొమ్మలు రెండు పక్కల నించీ కలిశాయి... కల్మల ఊరొచ్చింది."

"మిల్లు గొట్టం కనబడింది... మాన్వి వచ్చేశాం."

ఒక్కసారీ తప్పేది కాదు. ఓడించాలని బోర్డు వచ్చేదాకా కళ్ళార్పకుండా చూసేదాన్ని. పాటల సంగతి ఎప్పుడు మర్చిపోయానో తెలీదు.

ఆ కారు దారిలో ఎప్పుడూ ఆగలేదు. వానల్లో కాలువగట్టు బురదలో కూడా ఆగలేదు. ఆ ఒక్కటీ చెప్పుకోవాలి.

ఒక సాయంత్రం తిరిగొస్తుంటే, ఎక్కడున్నాం అమ్మా అని అడిగాను. ఇంకోసారి అడిగాను. అప్పుడు నెమ్మదిగా, "కల్మల" అంది. కల్మల ఎప్పుడో దాటాం. ఎదురుగా మాన్వి మిల్లు గొట్టం కనబడుతోంది. నేను నాన్న వైపు చూశాను.

"కరెక్టే" అన్నాడు నాన్న, రోడ్డు మీదే చూపు పెట్టి. కారు కొంచెం నెమ్మది చేశాడు.

నేను కూడా కరెక్టే అన్నాను.

ఆ ఏడు కోతలనాటికి అమ్మ లేదు. కారు ఇంకొన్నాళ్ళు ఉంది. వెనక సీటు మీద నాన్న ఎరువు బస్తాలు వేసేవాడు. పొడుగు సీటు కదా... బాగా పట్టేవి.

ఇప్పుడు నా ఉద్యోగం రాయచూరులో. ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను, అందుకే నాకంటూ ఒక పాత కారు చూసుకుంటున్నాను. మొన్న ఒకచోట ఎర్రటిది చూపించారు. పెద్ద తెర, పాటలు, వెనక కెమెరా... అన్నీ ఉన్నాయి. కార్లు అమ్మే కుర్రాడు అవన్నీ చెబుతుంటే, నేను వెనక తలుపు తీసి సీట్లో పడుకున్నాను. అనుకుని చేసింది కాదు. మోకాళ్ళు ముడుచుకోవాల్సి వచ్చింది.

"సరిపోవట్లేదు" అన్నాను.

"ఎవరికి సరిపోతలేదు మేడమ్?" అన్నాడు.

నేను ఒక్కదాన్నే ఉంటాను. నడిపేది నేనే, ముందు కూర్చునేదీ నేనే. లేచి, తర్వాత ఫోన్ చేస్తానని వచ్చేశాను.

మాన్వి రోడ్డు ఇప్పుడు వెడల్పయింది. రెండు పక్కలా కలిసే కొమ్మలు లేవు. కల్మల వచ్చిందో లేదో ఫోను చెబుతుంది... వెనక సీట్లో పడుకుని చెప్పేవాళ్ళతో పని లేదు.

మీ ఇంట్లో పాత బండి చూడ్డానికి వెళ్తే ముందు ఏం చూసేవారు? ఎవరి కోసం చూసేవారు? రాయండి... చదువుతాను.

ఆదివారం ఇంకో కారు చూడాలి. వెనక సీటు ఎంత పొడుగుందని ఫోన్లోనే అడిగాను.