సోమవారం రాజీనామా

మా ఆఫీసులో ఒకాయన ప్రతి సోమవారం ఉద్యోగానికి రాజీనామా చేసేవారు. ఏడాదికోసారో నెలకోసారో కాదు, ప్రతి సోమవారం. పదిన్నరకు వచ్చి, గొడుగు తగిలించి, కళ్ళజోడు తుడుచుకుని, ఒక తెల్లకాగితం మీద రాజీనామా రాసి, పెద్దసారు బల్ల మీద పెట్టి, తన కుర్చీలోకి వచ్చి మామూలుగా పని చేసుకునేవారు. సోమవారం సెలవైతే మంగళవారం రాసేవారు. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అందరికీ ఆయన రాజీనామాగారే.

మాది జనన నమోదు ఆఫీసు. పుట్టినవాళ్ళ పేర్లు రిజిస్టర్లలో ఎక్కించడం, ఎక్కినవాటిలో తప్పులు దిద్దడం మా పని. నేను తప్పులు దిద్దే విభాగంలో చేరాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకరి పేరులో దీర్ఘం తీసెయ్యడం, ఇంకొకరి పేరుకి సున్నా తగిలించడం. డిగ్రీలో ఫస్టుక్లాసు తెచ్చుకుని, ఇంటర్వ్యూలో ప్రజలకు సేవ చేయాలని ఉందని గొప్పగా చెప్పి, చివరికి నేను సేవ చేస్తున్నది దీర్ఘాలకూ సున్నాలకూ. తలుచుకుంటే ఒళ్ళు మండేది. పోనీ ఆ పేర్లు గల మనుషులైనా కనిపిస్తారా అంటే అదీ లేదు. వాళ్ళు ముందు గదిలో కౌంటర్ దగ్గరికి వచ్చి అటునుంచి అటే వెళ్ళిపోయేవారు. నన్ను వెనక రికార్డు గదిలో, కిటికీ లేని మూలలో కూర్చోబెట్టారు. నా ఎదురు బల్ల రాజీనామాగారిది.

చేరిన మొదటి సోమవారం ఆయన రాస్తున్న కాగితం మీద 'రాజీనామా' అన్న మాట నా కంటపడింది. పాపం, పెద్దవయసులో ఏం కష్టం వచ్చిందో అనిపించింది.

"ఇంట్లో ఏమైనా ఇబ్బందా అండీ?" అన్నాను.

"ఇబ్బంది కాదు, అన్యాయం."

"ఎవరికండీ?"

"నీకెందుకు? ముందు ఆ సున్నా సరిగ్గా పెట్టు. అరసున్నాలా ఉంది."

టైపిస్టు నన్ను పక్కకి పిలిచి, "కంగారుపడకు. వచ్చే సోమవారం మళ్ళీ రాస్తారు. నేను పన్నెండేళ్ళుగా చూస్తున్నా" అంది.

పెద్దసారు మాత్రం ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయినా ఆ కాగితానికి అలవాటు పడలేదు. పాత రిజిస్టర్లు ఎనిమిది వేల చిల్లర ఏ బీరువాలో ఏ అరలో ఉన్నాయో రాజీనామాగారికి తప్ప మరెవరికీ తెలియదు. ఆయన నిజంగా వెళ్ళిపోతే ఆఫీసుకి తాళం వేసుకోవడమే. అందుకని సోమవారాలు పెద్దసారు బీపీ మాత్ర ఇంకో గంట ముందే వేసుకుని వచ్చేవారు. పదకొండింటికి రాజీనామాగారికి పిలుపు వచ్చేది. తలుపు సందులోంచి మాకు వినిపించేది.

"మళ్ళీ ఏమిటండీ?"

"అందులో రాశాను."

"చదివాను. చూస్తాలెండి."

"చూడటం కాదు, చెయ్యాలి. లేకపోతే నెలాఖరుకి నేనుండను."

"అబ్బ, నెమ్మదిగా. ఆ తలుపు వెయ్యండి ముందు."

తలుపు మూసుకునేది. పావుగంట తర్వాత ఆయన యుద్ధం గెలిచి వచ్చినట్టు వచ్చేవారు. లోపల ఏం జరిగిందో ఎవరు అడిగినా చెప్పేవారు కాదు. చెప్పకపోయినా ఊహించుకోవడానికి మాకేం తక్కువ? ఆఫీసరుని బెదిరించి తన పనులన్నీ చేయించుకుంటున్నాడని అందరం తేల్చేశాం. నాకు మరీ కోపం. ఇష్టంలేని ఉద్యోగాన్ని నోరు మూసుకుని చేస్తున్నవాళ్ళం మేము, వారం వారం బెదిరించి దర్జాగా ఉండేది ఆయన.

ఎనిమిదో నెలలో నేనే రాజీనామా రాశాను. కవర్లో పెట్టబోతుంటే ఆయన చెయ్యి చాచి లాక్కున్నారు.

"ఏమిటిది?"

"రాజీనామా."

"ఇదా రాజీనామా? 'సొంత కారణాల వల్ల' అట. ఎవరి మీదా కోపం లేదు, ఏం కావాలో లేదు. మీలాంటివాళ్ళ వల్లే రాజీనామాకి విలువ లేకుండా పోతోంది."

"నాకు ఈ పనిలో అర్థం కనిపించడం లేదండీ."

"కనపడకపోతే వెతుక్కోవాలి. ఇక్కడ రోజూ చేసే పనేగా అది, వెతకడం. రెండు వారాలు ఆగు."

"ఎందుకాగాలి?"

"నేను ఇరవై ఆరేళ్ళుగా రాస్తున్నాను. నాకంటే ముందు నువ్వెళ్తే అన్యాయం కాదూ? వరసంటూ ఒకటుండాలి."

నా కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశారు. ఇంటికొచ్చి అమ్మతో గంటసేపు ఆయన్ని తిట్టాను. అంతా విని అమ్మ, "రెండు వారాలేగా, తిట్టుకుంటూ వెళ్ళిరా" అంది.

పదో రోజున నన్ను ముందు గదికి, కౌంటర్ దగ్గరికి మార్చారు. అదేదో శిక్ష అనుకున్నాను. నాలుగో రోజో ఐదో రోజో ఒక తాపీమేస్త్రీ వచ్చాడు. అరవై పైన ఉంటాయి. చేతులకి సిమెంటు మరకలు.

"నా పేరు రాయించాలమ్మా. మా నాన్న అప్పట్లో రాయించడం మర్చిపోయాడు. మీ పుస్తకంలో నేనింకా మగశిశువునే."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయనా నవ్వాడు. నవ్వడం అయ్యాక, ఇది ఆయన ఐదోసారి రావడమని తెలిసింది. నాలుగుసార్లూ లోపలికెళ్ళి అడక్కుండానే, రిజిస్టరు దొరకలేదని పంపించేశారట. ఇంత మనిషిని శిశువుగా వదిలేసి మేమంతా లోపల ఎవరి దీర్ఘాలు దిద్దుతున్నామో అని నామీద నాకే కోపం వచ్చింది. లోపలికి పరిగెత్తి రాజీనామాగారికి చెప్పాను. సంవత్సరం అడిగి, నిచ్చెన ఎక్కి, మూడు నిమిషాల్లో రిజిస్టరు దింపారు. పేరు నేనే రాశాను. మేస్త్రీ అక్షరాల మీద వేలు జరుపుకుంటూ చదువుకుని, "ఇదిగో, ఇది నేను" అన్నాడు, ఎవరికో పరిచయం చేస్తున్నట్టు.

ఆ తర్వాత నేను రాజీనామా రాయలేదు. దీర్ఘాలంటే చులకన కూడా పోయింది.

పెద్దసారు రిటైరయ్యారు. కొత్తగా మేడం వచ్చారు. చురుకైన మనిషి, ఏ కాగితమూ బల్ల మీద పదినిమిషాలకు మించి ఉండకూడదు. వచ్చిన వారంలోనే, జనం గుంపుగా కూర్చుంటే చూడ్డానికి బాగాలేదని కౌంటర్ ముందున్న బెంచీ తీయించేశారు. సోమవారం వచ్చింది. రాజీనామాగారు కాగితం పెట్టి వచ్చారు. పదకొండు కాకముందే అది తిరిగొచ్చింది, ఆకుపచ్చ సిరాతో 'ఆమోదించడమైనది' అని.

ఆయన కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళారు. ఈసారి తలుపు మూయలేదు.

"ఇది చదివారా అమ్మా?"

"మొదటి వాక్యం చదివాను. వెళ్తానన్నారు, సరే అన్నాను. ఇవాళే వెళ్ళినా అభ్యంతరం లేదు."

ఆయన బయటికి వచ్చి, గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. "వదిలింది పీడ" అంది టైపిస్టు. కానీ ఎవరమూ నవ్వలేదు.

మధ్యాహ్నం మేడం నన్ను పిలిచి, పాత ఆఫీసరుగారి సొరుగులో చెత్త ఉంది, తీసి పారేయమన్నారు. ఆ చెత్త రాజీనామాల కట్టలు. అయిదు వందలకు పైనే. ఈ మహానుభావుడు ఏమేం సాధించుకున్నాడో చూద్దామని అందరినీ పిలిచి పైకి చదవడం మొదలుపెట్టాను.

"ఇందుమూలంగా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. కారణం, కౌంటర్ అద్దానికి పెట్టిన రంధ్రం మరీ కిందికి ఉన్నది. తమ పేరు తాము చెప్పుకోవడానికి వచ్చినవారు మన ముందు నడుము వంచి నిలబడటం అన్యాయం. దానిని జానెడు పైకి జరపని పక్షంలో నా రాజీనామా ఆమోదించగలరు."

ఇంకొకటి తీశాను. మొదటి వాక్యం అన్నిటికీ అదే. "టైపిస్టుగారి కళ్ళలో మధ్యాహ్నం ఎండ పడుతున్నది. ఆమె మొహమాటస్తురాలు, అడగరు. కిటికీకి తెర కట్టించని పక్షంలో..."

"ఆ తెర పెద్దసారు వేయించారనుకున్నానే" అంది టైపిస్టు. "ఎనిమిదేళ్ళ పాటు కనపడ్డప్పుడల్లా ఆయనకి థాంక్స్ చెప్పా. ఆయన కూడా తీసుకున్నారు."

తర్వాతది అటెండరుగారి మోకాళ్ళ గురించి. బరువైన ఫైళ్ళన్నీ కింది అరల్లోకి ఎందుకొచ్చాయో ఆయనకి అప్పుడు తెలిసింది. వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు.

ఎన్ని తిరగేసినా, తనకు ఫలానాది కావాలని ఆయన రాసింది ఒక్కటీ లేదు. ఆయన కూర్చునే కుర్చీకి ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క పెట్టుకుని కూర్చునేవారు. దాని ఊసే లేదు.

చివరి కట్టలో నా గురించి ఉంది. "కొత్తగా వచ్చిన అమ్మాయిని బీరువాల మధ్య కూర్చోబెట్టడం అన్యాయం. చెవి వినపడని అమ్మమ్మకు ఫోన్లో ఒకే మాట నాలుగుసార్లు చెప్పింది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అంత ఓపిక గల పిల్ల మనుషుల ముందు ఉండాలి. కౌంటర్‌కు మార్చని పక్షంలో..."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకున్న నా మీదా, చెప్పకుండా దాచిన ఆయన మీదా, చదవకుండా సంతకం పెట్టిన మేడం మీదా.

మర్నాడు పొద్దున్నే మేడం బల్ల మీద మా అందరివీ కలిపి అయిదు రాజీనామాలు ఉన్నాయి. బెంచీ వేయించని పక్షంలో, రాజీనామాగారిని పిలిపించని పక్షంలో.

"ఏమిటిది, బెదిరింపా?" అన్నారు మేడం.

"కాదు మేడం. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఆఫీసులో పనులు ఇలాగే అవుతున్నాయి" అని కట్టలు ముందు పెట్టాను. "ఈసారి మొదటి వాక్యం దగ్గర ఆపకండి."

అలా ఎలా అనగలిగానో నాకిప్పటికీ తెలియదు. భోజనాల వేళ దాకా ఆవిడ బయటికి రాలేదు. వచ్చాక కౌంటర్ దగ్గర నిలబడి, పాత రంధ్రం ఎక్కడ ఉండేదని అడిగారు. చూపించాను. అంత ఎత్తుకి వంగి ఒక నిమిషం అలాగే ఉన్నారు. లేచి, "బెంచీ తెప్పించండి. ఆయన ఇల్లు మీకు తెలుసా?" అన్నారు.

సాయంత్రం మేడం, నేను వెళ్ళేసరికి తలుపు తీసింది ఆయన భార్య. మేమెవరమో చెప్పగానే, "వెంటనే తీసుకెళ్ళండమ్మా. నిన్నటి నుంచి వంటింట్లో డబ్బాలన్నీ అకారాది క్రమంలో సర్దేశారు. ఉప్పు ఎక్కడుందో నాకు దొరకడం లేదు" అంది.

ఆయన ముందుగదిలో కూర్చుని మండిపడుతున్నారు. "నన్నడక్కుండా ఆమోదించారు. ఇప్పుడు నన్నడక్కుండా రద్దు చేస్తారా? ఇది అన్యాయం."

"అన్యాయమేనండీ" అన్నారు మేడం. "సోమవారం రాసివ్వండి."

"చూస్తానంటారు, అంతేగా?"

"చేస్తాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇరవై ఆరేళ్ళలో పావుగంట పోట్లాడకుండా ఆ మాట విన్నది అదే మొదటిసారి.

మర్నాడు రికార్డు గదిలోకి వెళ్ళి, నా గురించి రాసింది చదివానని చెప్పాను. ఆయన మొహం కందగడ్డ అయింది.

"నీ కోసం రాయలేదు. నువ్వు ఫోన్లో అరుస్తుంటే నేను చదివే వరస తప్పిపోయేది. ఆ గోల పడలేక ముందు గదికి పంపించాను."

"మరి ఓపిక గల పిల్ల అని రాశారు?"

"ఆఫీసు కాగితాల్లో గోల అని రాయకూడదు." ఆయన రిజిస్టరు మూసి, మళ్ళీ తెరిచారు. "ఇప్పుడేమో ఈ గది మరీ నిశ్శబ్దంగా ఉంటోంది. అదీ బాగాలేదు. మధ్యాహ్నం టీ ఇక్కడికి తెచ్చుకుని తాగు. రాకపోయావో..."

"రాజీనామా చేస్తారా?"

"మీ అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్తాను. ఆవిడకి వినపడేదాకా చెప్తాను."