బోరు పాయింటు దగ్గర బూట్లు

2023 ఎండాకాలం. మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి క్యాజువాలిటీలో నర్సుగా ఉన్నాను. బోర్లు వేసే కాలం వచ్చిందంటే చాలు, నలిగిన వేళ్లు, పగిలిన తలలు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఆ మధ్యాహ్నం పుంగనూరు వైపు నుంచి మునియప్పను తెచ్చారు. సొంతూరు రామకుప్పం దగ్గర, పని బోరు బండి మీద. ఇనుప రాడ్లు బిగిస్తుండగా ఒకటి జారి అతని కుడి పాదం మీద పడింది. క్రష్ ఇంజురీ అంటాం, అంటే ఎముకతో పాటు కండ, నరాలు కూడా నలిగిపోవడం. పాదం దక్కుతుందో లేదో డాక్టరు చెప్పలేకపోయారు.

గాయం కడుగుతూ అడిగాను. "మీ ఓనరు బూట్లు ఇయ్యలేదా?"

"ఇచ్చినాడు సిస్టరమ్మా. బండిలో ఉండాయి."

"బండికి యాలప్పా బూట్లు?"

"బోరేసే పాయింటుకు పూజ చేసినాము గదా. ఆడ చెప్పుకాళ్లతో తొక్కొద్దన్నాడు రైతు."

నాకు ఒళ్లు మండిపోయింది. "పూజప్పుడు విప్పు, ఎవరొద్దన్నారు? అయినాక ఏసుకోకూడదా?"

"ఏసుకున్న్యాక నీళ్లు పడకపోతే, బూట్లతో తొక్కినాడు, అందుకే పడలేదంటారు. ఆ ఊర్లో మళ్లీ మా బండిని పిలుస్తారా?"

పాదం దక్కింది, మూడు వేళ్లు పోయాయి. రైతు పండ్లు పట్టుకుని చూడటానికి వచ్చాడు, మంచివాడే. "నీళ్లు బాగా పడినాయి సిస్టరమ్మా" అన్నాడు సంతోషంగా. ఈసారైనా బూట్లు వేసుకోనిస్తావా అంటే, "మా పెద్దోళ్ల కాలం నుంచీ ఉండేదే గదమ్మా" అని నవ్వాడు. నెత్తి కొట్టుకోవడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది.

మరుసటి ఏడు అంగళ్లులో మా ఇంటి బోరు ఎండిపోతే కొత్తది వేయించాం. మాది క్రైస్తవ కుటుంబం, ఆ తంటా మనకుండదులే అనుకున్నాను. పాస్టరుగారు వచ్చి, "ప్రార్థన చేద్దాం, తలలమీదవి తీయండప్పా" అన్నారు. పనివాళ్లు హెల్మెట్లు తీశారు. ప్రార్థన అయిపోయింది, పైన రాడ్లు వేలాడుతున్నాయి, ఇక పెట్టుకోబోతుంటే మా అత్త ఆపింది. "నీళ్లు పడేదాంకా అట్లే ఉండండప్పా." పనివాళ్లు హెల్మెట్లు పక్కన పెట్టేశారు.

మునియప్పను అంత కోప్పడి ఏం లాభం? నీళ్లు పడకపోతే నింద తమ మీదికి వస్తుందన్న భయమే వీళ్లదీ. చెప్పవలసింది వీళ్లకు కాదు, బోరు వేయించుకునే మాకు.

"పెట్టుకోండప్పా" అన్నాను.

"నీళ్లు పడకపోతే?" అత్త కసిరింది.

"నా వల్లే పడలేదని ఊరంతా చెప్పుకో అత్తా. ముందు వాళ్లను పెట్టుకోనీ."