రెండువందల పద్నాలుగో ఇటుక

విప్పుడు మేస్త్రికి ఉన్న జబ్బు ఒక్కటే: తీసిన ప్రతి వస్తువుకీ నంబరు వేస్తాడు. ఊళ్ళో మిగతా మేస్త్రీలు ఇళ్ళు కట్టి బతుకుతుంటే ఈయన పాత ఇళ్ళు విప్పి బతుకుతాడు, అందుకే ఆ పేరు. కిటికీ తీస్తే కిటికీకి, ఊచ తీస్తే ఊచకి, ఇటుక తీస్తే ఇటుకకి తెల్ల రంగుతో ఒక అంకె. మళ్ళీ అదే వరసలో పేర్చుకోవడానికట. ఆ అంకెలు చూసి ఇంతవరకు ఎవరూ ఏదీ పేర్చిన పాపాన పోలేదు.

ఈ జబ్బుతో అందరికన్నా ఎక్కువ విసిగినవాడు ఆయన బావమరిది. అతనిదీ పాత ఇళ్ళ మీద బతుకే, కాకపోతే అతనికి కూల్చే మిషను ఉంది. బావ నలభై రోజులు విప్పే ఇంటిని బావమరిది రెండు పూటల్లో పిండి చేస్తాడు.

"నిద్రపోతున్న పసిపిల్లకి చొక్కా విప్పుతున్నట్టు ఏమిటి బావా ఆ తీయడం?"

"లేస్తే ఏడుస్తుంది కదా, బామ్మర్దీ," అని గోడకి ఓ దణ్ణం పెట్టుకుని ఇంకో ఇటుక తీసేవాడు మేస్త్రి.

మేస్త్రిని కట్టుకున్న అతని అక్క ఇంట్లో అన్నీ విప్పుకొచ్చిన తలుపులే, ఏ రెండిటికీ పొత్తు కుదరదు. పడగ్గదికి ఏదో బ్యాంకు తలుపు, దాని మీద 'వరసలో నిలబడండి' అని ఉంటుంది. స్నానాలగదికి ఆసుపత్రి తలుపు: 'డాక్టరుగారు లోపల ఉన్నారు'. ఓసారి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దాయన ఆ తలుపు ముందు అరగంట కూర్చుని, "మీ ఆయన డాక్టరని చెప్పలేదేమమ్మా?" అన్నాడు. వంటింటి తలుపు మీద మాత్రం 'అనుమతి లేనిదే లోపలికి రారాదు' అని ఉంటుంది. "తొమ్మిదేళ్ళలో నాకు పనికొచ్చింది ఇదొక్కటే," అంటుంది అక్క.

బావమరిదికీ ఒక పిచ్చి లేకపోలేదు. మిషను ఆపినప్పుడల్లా చక్రం వెనక ఒక ఇటుక అడ్డం పెడతాడు. ఒక పక్క నీలం సున్నం అంటిన పాత ఇటుక. మొదటి పని రోజు నుంచీ అదే. కనబడినప్పుడల్లా మేస్త్రి అడిగేవాడు.

"ఆ ఇటుక నాకివ్వరాదూ?"

"అచ్చొచ్చిన ఇటుక బావా. నీ దగ్గర లక్ష ఉన్నాయి, దీని మీద పడ్డదా నీ కన్ను?"

"సరే, ఇంకోసారి అడుగుతాలే," అని పోయేవాడు. ఆ ఇంకోసారి తొమ్మిదేళ్ళుగా వస్తూనే ఉంది.

పాత సరుకుతో కొత్త ఇళ్ళు కట్టుకోనివ్వమని మేస్త్రి మునిసిపాలిటీ ఆఫీసుకి పదకొండుసార్లు తిరిగాడు. చివరిసారి బావమరిది కూడా తోడు వెళ్ళాడు.

"ఈ దూలం బరువు మోస్తుందని ఎవరు రాసిస్తారు?" అన్నాడు ఇంజనీరు, ఇద్దరూ మోసుకొచ్చిన దూలాన్ని చూస్తూ.

"అరవై ఏళ్ళు మోసింది సార్. అదే రాసుకోండి."

"మోసినట్టు కాగితం ఉందా?"

మేస్త్రి దూలం మీద నంబరు చూపించాడు. ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బయటికి వచ్చాక ఎదురుగా కొత్త దూలాల లారీ పోతోంది. అది నిన్నటిదాకా అడవి. దాని వెనకే పాత దూలాల లారీ ఊరి చివరి గుట్టకి పోతోంది. ఆ గుట్ట బావమరిది చిన్నప్పుడు లేదు. వాగు ఒడ్డున మొదలై, ఇప్పుడు వాగునే మింగి కూర్చుంది. అందులో సగం తన మిషను పోసిందే. ఇరవై ఏళ్ళకోసారి ఊరు తనని తాను పగలగొట్టుకుని అక్కడ పారబోసుకుంటోంది. మళ్ళీ ఇసుక కోసం ఇంకో ఏరు తవ్వుతోంది. దీన్ని ఒక మనిషి తెల్లరంగు డబ్బాతో ఆపుతాడా? ఆ రోజు బావని ఎగతాళి చేయబుద్ధి కాలేదు అతనికి.

అంతలో మేస్త్రి సరుకు దాచుకునే స్థలాన్ని యజమాని అమ్మేశాడు. శనివారానికల్లా ఖాళీ చేయాలి. ఖాళీ చేసే పని, ఖర్మకొద్దీ, బావమరిదికే వచ్చింది.

"నేను చేయను బావా."

"నువ్వే చెయ్యి. వేరేవాడైతే విసురుగా ఎత్తేస్తాడు. ఒక్కటే మాట, ఆ మూల పరదా కింద ఉన్నది మాత్రం నేను వచ్చేదాకా ముట్టుకోకు."

మూడు రోజులు లారీలు తిరిగాయి. కొన్ని తలుపులు ఎవరో పట్టుకుపోయారు. మిగిలినవన్నీ గుట్టకే. నంబర్లున్న కిటికీలు, నంబర్లున్న ఊచలు లారీలో కలిసిపోయాయి. మేస్త్రి ప్రతి లారీకీ దణ్ణం పెట్టాడు, అంతే. తిట్టినా బాగుండేది అనిపించింది బావమరిదికి.

శనివారం పొద్దు వాలుతోంది. మేస్త్రి ఎటు వెళ్ళాడో లేడు. యజమాని మనిషి రెండుసార్లు వచ్చి గడియారం చూపించాడు. ఇక లాభంలేదని బావమరిది పరదా లాగాడు.

చక్కగా పేర్చిన ఇటుకలు. వాటి మీద నీలం తలుపు. తలుపు మీద సుద్దతో కొలతలు: నడుము, చేతులు, మెడ.

ఆ తలుపు అతను మరిచిపోలేదు. మిషను కొన్న నెలలో, మొదటి పనిలోనే, పక్కింటికి వేసిన కూల్చే గుర్తు చూసి, బట్టలు కుట్టి బతికే కుట్టుమిషను పిన్ని బజారుకి వెళ్ళినప్పుడు ఆవిడ గదిని పొరపాటున కూల్చేశాడు. లైసెన్సు పోతుందని రెండు రోజులు అన్నం ముట్టలేదు. 'నీకు పని ఇచ్చిన కంపెనీయే ఆవిడకి వేరే గది ఇచ్చింది, నువ్వు పనికి పో' అని బావే చెప్పాడు.

నీళ్ళ సీసాతో వచ్చిన అక్క అతని వెనకే ఆగిపోయింది.

"కంపెనీ ఇవ్వలేదా అక్కా?"

"ఏ కంపెనీరా? ఆవిడ ఫిర్యాదు రాయబోతుంటే మీ బావ కాళ్ళమీద పడ్డాడు. ఏ ఇటుక ఆ చోటే పెట్టి నీ గది నీకిస్తానన్నాడు. సిమెంటు కాక మట్టి పెట్టి కట్టిన గోడ కాబట్టి ఇటుకలు పగలకుండా నిలిచాయి. ఆవిడ స్థలం రోడ్డు వెడల్పు గొడవలో ఇరుక్కుపోయింది. ఇన్నేళ్ళూ చెల్లెలి వరండాలో కూర్చుని కుడుతోంది. మొన్ననే స్థలం కాగితం వచ్చింది."

"మరి ఊళ్ళో ఇటుకలన్నిటికీ ఈ నంబర్లు ఎందుకు?"

"ఈ ఒక్క కుప్పకే వేస్తే ఇదేమిటని నువ్వు అడుగుతావు కదా. నువ్వు బాధపడతావని అన్నిటికీ వేశాడు. తర్వాత అలవాటైపోయింది, ఏం చేస్తాం. నా పోపుడబ్బా మూత కూడా నలభై ఒకటి."

నవ్వబోయి, లాగిన పరదాని మడతపెట్టసాగాడు.

మేస్త్రి చిన్న లారీ దిగి వచ్చాడు. ముందు సీట్లో పిన్ని ఉంది, ఒళ్ళో కుట్టుమిషను. పరదా తీసి ఉండటం చూసి మేస్త్రి దొంగతనం బయటపడ్డవాడిలా తల గోక్కున్నాడు.

"అన్నీ ఉన్నాయా బావా?" అన్నాడు బావమరిది.

"అన్నీ ఉన్నాయి. రెండువందల పద్నాలుగు ఒక్కటే లేదు. గుమ్మం పక్కది. ఫరవాలేదులే, వేరేది పెట్టి…"

బావమరిది మిషను దగ్గరికి వెళ్ళి, చక్రం వెనకనుంచి ఇటుక తీశాడు. నీలం సున్నం వైపు చొక్కాతో తుడిచి బావ చేతిలో పెట్టాడు.

మేస్త్రి తెల్లరంగు డబ్బా మూత తీస్తుంటే, వెనకనుంచి కూల్చే మిషను మెల్లగా దొర్లడం మొదలుపెట్టింది.

"ముందు దాన్ని ఆపరా," అంది అక్క.

"దేన్ని అడ్డం పెట్టనే?"

"మీ బావని పెట్టు," అంది. "ఆయనకి అలవాటే."